వైద్యవిద్య: శాఖల మధ్య సమన్వయం

ఒక జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో, కాన్పుల వార్డులోని ఒక మంచాన్ని ఉదాహరణగా తీసుకుందాం. నొప్పులు మొదలై గంటలు గడిచినా కాన్పు కాక, పల్లె నుండి వచ్చిన ఒక స్త్రీ ఆ మంచంపై ఉన్నది. ఆమె చెంత ముగ్గురు నిలబడి ఉన్నారు. మొదటివారు ఆసుపత్రిలోని స్త్రీవ్యాధుల నిపుణురాలు. ఆమె జీతం, బదిలీ, పదోన్నతి జిల్లా ఆసుపత్రులను నిర్వహించే కార్యాలయం చేతిలో ఉంటాయి. రెండవవారు ఆ ఊరిలో కొత్తగా వెలసిన వైద్య కళాశాల ఆచార్యులు. వారు వైద్యవిద్యా సంచాలకులకు జవాబు చెప్పుకోవలసినవారు. మూడవవారు శిక్షణలో ఉన్న విద్యార్థిని. ఆమె చదివే పాఠ్యప్రణాళికను నిర్ణయించేది ఢిల్లీలోని జాతీయ వైద్య కమిషన్. పట్టా ఇచ్చేది ఆరోగ్య విశ్వవిద్యాలయం. నెలనెలా అందే భృతికి ఆమోదముద్ర వేయవలసినది ఆర్థిక శాఖ. ఇక రోగిని పల్లె నుండి ఇక్కడికి పంపిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు ప్రజారోగ్య సంచాలకుల పరిధిలోనివాడు. తోడుగా వచ్చిన ఆశా కార్యకర్తకు పారితోషికం అందేది జాతీయ ఆరోగ్య మిషన్ పద్దు నుండి.

మంచం ఒక్కటే. దానిని గురించి లెక్క వ్రాసే పుస్తకాలు మాత్రం అయిదారు. ఒక శాఖ దృష్టిలో అది సేవ. ఇంకొక శాఖ దృష్టిలో బోధనా సామగ్రి. వేరొక సంస్థ దృష్టిలో, ఇన్ని సీట్లకు ఇన్ని మంచాలు అనే గణాంకంలో ఒక అంకె. ఆర్థిక శాఖ దృష్టిలో వ్యయం. ఈ దృష్టులన్నీ సరియైనవే. కాని ఆ విద్యార్థిని మరో రెండేళ్ళలో ఏ మారుమూల కేంద్రంలోనో ఒంటరిగా రాత్రి డ్యూటీలో ఉన్నప్పుడు, ఇటువంటి తల్లి మరొకామె వస్తే, ఏ దశలో తాను చేయగలదు, ఏ దశలో పై ఆసుపత్రికి పంపాలి, పంపేముందు ఏ మందు ఇవ్వాలి అన్న విషయాలు ఆమె నేర్చుకున్నదా లేదా అన్నది ఈ పుస్తకాలలో దేనిలోనూ కనిపించదు. వైద్యవిద్యా విధానాన్ని గూర్చిన చర్చలో శాఖల సమన్వయం అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఆ మాటకు అసలు అర్థం ఈ మంచం దగ్గర ఉన్నది.

రాజ్యాంగంలోని విభజన

ఈ చీలిక ఎవరి అలసత్వం వల్లనో ఏర్పడినది కాదు. దీనికి మూలం రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోనే కలదు. ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఆసుపత్రులు, ఔషధశాలలు రాష్ట్ర జాబితాలో 6వ అంశం. ఉన్నత విద్యాసంస్థల ప్రమాణాల నిర్ణయం, సమన్వయం కేంద్ర జాబితాలో 66వ అంశం. వైద్యవృత్తి ఉమ్మడి జాబితాలో 26వ అంశం. విద్య మొదట రాష్ట్ర జాబితాలో ఉండగా, 1976లో జరిగిన 42వ సవరణ దానిని ఉమ్మడి జాబితాలోని 25వ అంశంలోకి చేర్చింది. వైద్యవిద్య ఆ అంశంలో పేరుతో సహా ఉన్నది. అనగా విద్యార్థి నేర్చుకునే చోటు రాష్ట్రానిది, నేర్చుకునే ప్రమాణం కేంద్రానిది, నేర్చుకునే విద్య ఇద్దరిదీ.

కేంద్రంలోనైనా వైద్య కళాశాలలన్నీ ఒకే మంత్రిత్వశాఖ కింద ఉన్నాయనుకుంటే పొరపాటు. పూనాలోని సాయుధ దళాల వైద్య కళాశాల రక్షణ శాఖది. హైదరాబాదు సనత్‌నగర్‌లోని ఇ.ఎస్.ఐ. వైద్య కళాశాల వంటివి కార్మిక శాఖ పరిధిలోని బీమా సంస్థవి. బెనారసు, అలీఘడ్ విశ్వవిద్యాలయాల వైద్య కళాశాలలు విద్యాశాఖ పరిధిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో భాగాలు. పాండిచ్చేరిలోని జిప్‌మర్, వివిధ రాష్ట్రాలలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలు ఆరోగ్య శాఖవి. వీటన్నిటి నుండి వెలువడే పట్టభద్రులు మాత్రం ఒకే దేశపు రోగులకు వైద్యం చేయవలసినవారు.

ఇంతవరకు ఇబ్బంది ఏమీ లేదు. వైవిధ్యం మన దేశానికి కొత్త కాదు. ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, విద్యనిచ్చే శాఖకూ, ఆ విద్యావంతునిచేత పని చేయించుకునే శాఖకూ మధ్య. మన వైద్యవిద్య చరిత్రలో మంచి ఉద్దేశంతో మొదలైన ఒక పథకం సరిగ్గా ఈ అతుకు దగ్గరనే ఊడిపోయింది. ఆ కథ కొంత వివరంగా చెప్పుకోదగినది.

భోర్ నుండి శ్రీవాస్తవ వరకు

1943లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన ఆరోగ్య పరిశీలన, అభివృద్ధి సంఘం 1946లో తన నివేదికను సమర్పించింది. దేశంలో సుమారు 6,300 మందికి ఒక వైద్యుడు ఉన్న రోజులవి. లైసెన్షియేట్ కోర్సులను ఎత్తివేసి, దేశమంతటా ఒకే విధమైన మౌలిక వైద్యుణ్ణి తయారు చేయాలని ఆ సంఘం సిఫారసు చేసింది. సంఘ సభ్యులలో కొందరు దీనితో ఏకీభవించలేదు; పల్లెలకు వెళ్ళేవారు లైసెన్షియేట్లేనని వారి వాదం. ఆ వాదంలో బలం ఉన్నదని తరువాతి దశాబ్దాలు నిరూపించాయని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అయితే ఆ సంఘం కోరిన వైద్యుడు కేవలం మందులిచ్చేవాడు కాదు, సామాజిక వైద్యుడు. అందుకై నివారణ, సామాజిక వైద్యశాస్త్రంలో మూడు నెలల శిక్షణ ఉండాలని చెప్పింది.

ఆ సిఫారసు ననుసరించి కళాశాలలలో ఆ పేరుతో విభాగాలు ఏర్పడ్డాయి. ఆచార్యులు వచ్చారు, పాఠ్యపుస్తకాలు వచ్చాయి, పరీక్ష వచ్చింది. కాని విభాగం కళాశాలలో ఉండగా సమాజం కళాశాల బయట ఉన్నది. బయట ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఇంకొక సంచాలకునిది. విద్యార్థి గ్రామీణ పారిశుద్ధ్యాన్ని గూర్చి నల్లబల్ల మీద నేర్చుకొని, మరుగుదొడ్డి నమూనాను ప్రదర్శనశాలలోని గాజు అలమరలో చూచి పరీక్ష ఉత్తీర్ణుడైనాడు.

1974లో కేంద్ర ప్రభుత్వం డాక్టర్ జె. బి. శ్రీవాస్తవ అధ్యక్షతన వైద్యవిద్య, సహాయక సిబ్బంది విషయమై ఒక బృందాన్ని నియమించింది. 1975లో వచ్చిన ఆ బృందం నివేదిక రెండు ముఖ్య విషయాలు చెప్పింది. ఒకటి, విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం తరహాలో వైద్య, ఆరోగ్య విద్యకు ఒక కమిషన్ ఉండాలి. రెండు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, తాలూకా ఆసుపత్రి, జిల్లా ఆసుపత్రి, వైద్య కళాశాల ఆసుపత్రి ఒక గొలుసువలె కలిసి ఉండాలి. రోగి కింది నుండి పైకి వెళ్ళినట్లే, జ్ఞానం పై నుండి కిందికి రావాలి.

ఈ రెండవ ఆలోచన నుండి 1977లో వైద్యవిద్యా పునర్వ్యవస్థీకరణ పథకం పుట్టింది. ఆంగ్లాక్షరాల పొడి పేరుతో దానిని రోమ్ పథకం అని వ్యవహరించేవారు. ఒక్కొక్క వైద్య కళాశాల మూడేసి సమితి బ్లాకుల ఆరోగ్య బాధ్యతను స్వీకరించాలి; ఆచార్యులు, విద్యార్థులు ఆ బ్లాకులకు వెళ్ళాలి; సంచార వైద్యశాలలుగా పెద్ద వాహనాలు కళాశాలలకు సమకూర్చబడ్డాయి. ఆల్మా ఆటా ప్రకటనకు ఏడాది ముందే, ప్రాథమిక ఆరోగ్య సేవను వైద్యవిద్యతో ముడిపెట్టాలని మన దేశం తలపెట్టిందనడం అతిశయోక్తి కాదు.

మరి పథకం ఎందుకు నీరుగారింది? ఈ వ్యాసకర్త ఇంటర్న్‌గా ఉన్నప్పుడు చూచిన ఒక సంఘటన చెబుతాను. నలుగురం ఒక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళవలసి ఉండగా వాహనం సిద్ధంగా ఉంది, డ్రైవరు ఉన్నాడు, డీజిలు లేదు. డీజిలుకు డబ్బు కళాశాల పద్దులో పడలేదు. వాహనం ప్రయాణించేది ఆరోగ్య కేంద్రాల పని మీద గనుక ఆ ఖర్చు జిల్లా ఆరోగ్య కార్యాలయం భరించాలని ఒక వాదం. వాహనం కళాశాలది గనుక మాకు సంబంధం లేదని రెండవ వాదం. చివరకు బస్సెక్కి వెళ్ళాము. అక్కడి వైద్యాధికారి మమ్ములను ఆదరంగా కూర్చోబెట్టి, టీ ఇప్పించి, హాజరు పుస్తకంలో పదిహేను రోజులకూ ఒకేసారి సంతకాలు చేయించారు. ఆయన తప్పేమీ లేదు. మాకు పాఠం చెప్పమని ఆయనకు ఎవరూ వ్రాయలేదు; చెప్పినందుకు ఆయనకు ఒక కాగితమైనా రాదు; మేము వార్డులో ఏదైనా పొరపాటు చేస్తే జవాబు చెప్పవలసినది మాత్రం ఆయనే.

దేశంలో చాలాచోట్ల ఈ పథకం గతి ఇదే. ఆచార్యులు పల్లెకు వచ్చిన రోజున అక్కడి వైద్యుడు అతిథేయుడు, వారు వెళ్ళిన మరునాడు అంతా యథాపూర్వం. కళాశాలకు ఆరోగ్య కేంద్రంపై అధికారం లేదు. ఆరోగ్య కేంద్రానికి కళాశాలలో హోదా లేదు. రెండు శాఖల కార్యదర్శులు ఒకే భవనంలో కూర్చున్నంత మాత్రాన ఈ దూరం తగ్గదు.

బల్లభగఢ్ అనుభవం

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా మన దేశంలోనే ఉన్నది. ఢిల్లీకి దక్షిణాన, నేటి హర్యానాలోని బల్లభగఢ్‌లో 1965లో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, రాష్ట్ర ప్రభుత్వ సహకారంతో, సమగ్ర గ్రామీణ ఆరోగ్య సేవా పథకాన్ని ప్రారంభించింది. అప్పటికి హర్యానా రాష్ట్రం ఏర్పడలేదు. 1966లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత కూడా ఏర్పాటు చెదరలేదు. పట్టణంలోని ఆసుపత్రి, దయాళ్‌పూర్, ఛాయంసా అనే రెండు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, వాటి కింది ఉపకేంద్రాలు ఈ పథకంలో భాగాలు. ఢిల్లీ సంస్థలో చదివిన ఇంటర్న్‌లు ఇక్కడికి వచ్చి నివాసముండి పనిచేస్తారు. సుమారు ముప్ఫై గ్రామాలలో ప్రతి జననం, ప్రతి మరణం నమోదు కావడం దశాబ్దాలుగా సాగుతున్నది.

ఈ ఏర్పాటులో గమనించదగిన విషయమేమంటే, ఇక్కడ కళాశాల అతిథిగా రాలేదు. ఆ ప్రాంతపు ఆరోగ్య సేవల బాధ్యతనే స్వీకరించింది. టీకా పడని శిశువు ఉంటే, కాన్పులో తల్లి మరణిస్తే, సంజాయిషీ చెప్పుకోవలసినది బోధించే సంస్థ. ఆ రోజు నుండి విద్యార్థి వెళ్ళే ఇల్లు పాఠానికి పనికివచ్చే ఇల్లు కాక, బాధ్యత వహించవలసిన ఇల్లు అయింది. మరణం సంభవించినప్పుడు ఎందుకు సంభవించిందో ఇంటికి వెళ్ళి విచారించడం అక్కడ ఇంటర్న్ విద్యలో భాగం. నల్లబల్ల మీద ఇది రాదు.

వార్ధా సమీపంలోని సేవాగ్రాంలో డాక్టర్ సుశీలా నయ్యర్ 1969లో స్థాపించిన మహాత్మా గాంధీ వైద్య విజ్ఞాన సంస్థలోనూ మొదటి సంవత్సరం విద్యార్థులు గ్రామంలో కొన్నాళ్ళు నివసించి, ఆ గ్రామంతో చదువు ముగిసేదాకా సంబంధం కొనసాగించే పద్ధతి ఉన్నది. అయితే అది ఒక ఆశయంతో నడిచే సంస్థ. ఆశయాన్ని జి.వో. ద్వారా అన్ని కళాశాలలకు పంపడం సాధ్యం కాదు. బల్లభగఢ్ పద్ధతిలో ఆశయం కంటె ఒప్పందం ముఖ్యం. కనుక ప్రభుత్వాలకు అది ఎక్కువ అనుసరణీయం.

తెలుగునాట 1986

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 ఒక విచిత్రమైన సంవత్సరం. అప్పటివరకు మన వైద్య కళాశాలలు ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర తదితర విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా ఉండేవి. 1923లో విశాఖపట్నంలో మొదలైన కళాశాల ఒక విశ్వవిద్యాలయం కింద, 1959లో వరంగల్లులో మొదలైన కళాశాల వేరొక విశ్వవిద్యాలయం కింద ఉండటంచేత పరీక్షలు, ప్రవేశాలు, ప్రమాణాలు వేర్వేరుగా సాగేవి. 1986లో విజయవాడలో ఆరోగ్య శాస్త్రాల విశ్వవిద్యాలయం నెలకొల్పి వీటన్నిటిని ఒక గూటికి చేర్చారు. జాతీయస్థాయిలో కూడా, 1985లో డాక్టర్ జె. ఎస్. బజాజ్ అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘం రాష్ట్రాలలో ఇటువంటి విశ్వవిద్యాలయాలు ఉండాలని సిఫారసు చేసింది.

అదే 1986లో మరొక చట్టం ద్వారా ఆంధ్రప్రదేశ్ వైద్య విధాన పరిషత్తు ఏర్పడింది. జిల్లా, తాలూకా స్థాయి ఆసుపత్రులు సంచాలక కార్యాలయం నుండి విడివడి ఈ పరిషత్తు పరిధిలోకి వచ్చాయి. ఆసుపత్రులకు నిర్వహణలో కొంత స్వేచ్ఛ కలిగించడం దీని లక్ష్యం. దాని వల్ల మేలూ జరిగింది. కాని ఫలితంగా ఆసుపత్రుల వ్యవస్థ మూడు అంతస్తులుగా, మూడు యాజమాన్యాలుగా స్థిరపడింది. బోధనాసుపత్రులు వైద్యవిద్యా సంచాలకులవి, జిల్లా ఆసుపత్రులు పరిషత్తువి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ప్రజారోగ్య సంచాలకులవి. విద్యను ఒక గూటికి చేర్చిన సంవత్సరంలోనే, విద్యార్థి చూడవలసిన రోగి ఉండే చోటును విద్య నుండి ఇంకొక మెట్టు దూరం చేశాము. అప్పట్లో ఈ రెండు చట్టాలను పక్కపక్కన పెట్టి చూచినవారు తక్కువ.

రోగులు మాత్రం మూడు అంతస్తులూ ఎక్కుతూనే ఉన్నారు. కింది నుండి వెళ్ళిన చీటీ పైన ఎవరూ చదవరు, పైన చేసిన చికిత్స వివరం కిందికి రాదు. విశాఖలోనో హైదరాబాదులోనో పెద్దాసుపత్రిలో శిక్షణ పొందిన యువ వైద్యునికి అన్ని పరీక్షలూ, అన్ని యంత్రాలూ అందుబాటులో ఉన్న రోగి తెలుసు. రక్తనిధి లేని చోట, మత్తుమందు నిపుణుడు వారానికి రెండు రోజులే వచ్చే చోట ఏమి చేయాలో అతనికి తెలియదు. తెలియకపోవడం అతని దోషం కాదు. అటువంటి చోటు అతని విద్యలో లేదు.

జిల్లా ఆసుపత్రే కళాశాల అయినప్పుడు

2014లో కేంద్ర ప్రభుత్వం జిల్లా ఆసుపత్రులకు అనుబంధంగా కొత్త వైద్య కళాశాలలు స్థాపించే పథకాన్ని చేపట్టింది. మూడు దశలలో 58, 24, 75 చొప్పున మొత్తం 157 కళాశాలలు మంజూరైనాయి. వ్యయంలో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రాల వాటా 40 శాతం. ఈశాన్య, ప్రత్యేక ప్రతిపత్తి రాష్ట్రాలకు 90, 10. దేశంలో 2014లో 387గా ఉన్న వైద్య కళాశాలల సంఖ్య 2024 నాటికి 700 దాటింది. 51 వేల పైచిలుకు ఉన్న ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్ష దాటాయి. తెలంగాణలో 2016లో మహబూబ్‌నగర్, 2018లో సిద్ధిపేట, 2019లో నల్గొండ, సూర్యాపేట ప్రభుత్వ కళాశాలలు ఆరంభమైనాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలలో తరగతులు మొదలైనాయి.

ఈ సంఖ్యలు చూచి సంతోషించవలసినదే. అయితే జిల్లా ఆసుపత్రి బోధనాసుపత్రిగా మారడమంటే బోర్డు మార్చడం కాదు. నిన్నటివరకు అక్కడ పనిచేసిన నిపుణులు ఏ శాఖ ఉద్యోగులుగా ఉంటారు? కొత్తగా వచ్చిన సహాయ ఆచార్యునికీ, ఇరవై ఏళ్ళుగా అక్కడ శస్త్రచికిత్సలు చేస్తున్న సివిల్ సర్జనుకూ మధ్య యూనిట్ అధిపతి ఎవరు? ఆ సర్జనుకు బోధనానుభవం లెక్కకు వస్తుందా? మందుల కొనుగోలు పాత పద్దులోనా, కొత్త పద్దులోనా? ఇవన్నీ చిల్లర ప్రశ్నలుగా కనిపించవచ్చు. కాని విద్యార్థి ఎవరి వెంట రౌండ్లకు వెళతాడన్నది ఈ చిల్లర ప్రశ్నల మీదనే ఆధారపడి ఉన్నది. బాగా చేయి తిరిగిన పాత సర్జను బోధనకు దూరమైతే, ఆ జిల్లాలో అందరికంటె ఎక్కువ కేసులు చూచిన మనిషి నుండి విద్యార్థి ఏమీ నేర్చుకోకుండానే వెళ్ళిపోతాడు.

జాతీయ వైద్య కమిషన్ చట్టం 2019లో వచ్చింది. కమిషన్ 2020 సెప్టెంబరు 25 నుండి పనిచేస్తున్నది. దానికి కొద్ది రోజుల ముందు వెలువడిన సవరణ నిబంధనల ప్రకారం, ఎం.డి., ఎం.ఎస్. విద్యార్థులు తమ మూడేళ్ళ చదువులో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి. దీనికి జిల్లా రెసిడెన్సీ అని పేరు. ఇది పూర్తి కానిదే తుది పరీక్షకు అర్హత లేదు. శాఖల సమన్వయం దృష్ట్యా ఈ నిబంధనలు శ్రద్ధగా చదవదగినవి; ఎందుకంటే రోమ్ పథకంలో ఎవరూ వ్రాయని విషయాలు ఇందులో వ్రాసి ఉన్నాయి. జిల్లాలో ఒక సమన్వయాధికారి ఉంటారు. విద్యార్థి ఆయన పర్యవేక్షణలో పనిచేస్తాడు. హాజరు అక్కడ నమోదవుతుంది. దాని ఆధారంగా భృతిని మాతృ కళాశాల చెల్లిస్తుంది. వసతి, రవాణా, భద్రత కల్పించవలసినది రాష్ట్ర ప్రభుత్వం. ప్రైవేటు కళాశాలల విద్యార్థులకూ ఇదే వర్తిస్తుంది. రోగులను నేరుగా చూడని శాస్త్రాల విద్యార్థులు జిల్లా ఆరోగ్యాధికారి వద్ద ప్రజారోగ్య కార్యక్రమాలలో శిక్షణ పొందాలి.

డీజిలు ఎవరిది అన్న ప్రశ్నకు కాగితం మీదనైనా జవాబు దొరికిందన్నమాట. అయినా ఒక లోపం మిగిలింది. జిల్లా ఆసుపత్రి నిపుణుడు ఈ మూడు నెలలు గురువే గాని, ఆ గురుత్వానికి గుర్తింపు అతని సర్వీసు పుస్తకంలో ఎక్కదు. సర్వీసు నిబంధనలు సాధారణ పరిపాలన, ఆర్థిక శాఖల వ్యవహారం. వైద్య కమిషన్ వాటిని తాకలేదు. శిక్షణకు వచ్చిన వైద్యుణ్ణి ఖాళీ డ్యూటీలు నింపే అదనపు చేయిగా మాత్రమే చూడాలన్న ఆకర్షణ అక్కడి ఆసుపత్రికి సహజం. వైద్యులు చాలని చోట దానిని తప్పుపట్టడం సులభం కాదు. కాని రాత్రి డ్యూటీలన్నీ చేసి, ఒక్క కేసును గురించి కూడా ఎవరితోనూ చర్చించకుండా మూడు నెలలు గడిపితే, ఆ విద్యార్థి తిరిగి వెళ్ళి తన తరువాతివారికి చెప్పే మాట ఎలా ఉంటుందో ఊహించవచ్చు.

సర్వీసు వైద్యులు, న్యాయస్థానం

ప్రమాణాలకూ, ప్రజారోగ్యానికీ మధ్య పెనుగులాట న్యాయస్థానం దాకా వెళ్ళిన సందర్భం ఒకటి పేర్కొనదగినది. ప్రభుత్వ సర్వీసులో పల్లెలలో పనిచేస్తున్న వైద్యులకు పోస్టుగ్రాడ్యుయేట్ సీట్లలో కొంత కోటా ఇవ్వడం పలు రాష్ట్రాలలో చిరకాలంగా ఉన్న పద్ధతి. చదువు ముగించి వారు తిరిగి ప్రభుత్వాసుపత్రులకే వస్తారు గనుక జిల్లాలకు నిపుణులు దొరుకుతారన్నది రాష్ట్రాల ఆలోచన. వైద్య మండలి నిబంధనలలో ఇటువంటి కోటా లేదు గనుక అది చెల్లదన్న వివాదం తలెత్తింది. 2020 ఆగస్టు 31న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ప్రమాణాలు నిర్ణయించడం వరకే వైద్య మండలి అధికారమనీ, సర్వీసు వైద్యులకు కోటా కల్పించే అధికారం ఉమ్మడి జాబితాలోని 25వ అంశం కింద రాష్ట్రాలకు ఉన్నదనీ తీర్పునిచ్చింది.

ఈ తీర్పులో గెలుపోటముల కంటె మనకు కావలసినది వేరొకటి. పల్లెలో నిపుణుడు ఉండాలన్నది ఆరోగ్య శాఖ అవసరం. ప్రవేశ పరీక్షలో ప్రతిభ కాపాడాలన్నది విద్యా ప్రమాణాలు చూచే సంస్థ కర్తవ్యం. ఈ రెండూ ముందే ఒక బల్ల దగ్గర కూర్చొని తేల్చుకోవలసిన విషయాలు. తేల్చుకోకపోవడంచేత ఆ పని అత్యున్నత న్యాయస్థానం చేయవలసి వచ్చింది.

అటువంటి బల్ల ఇప్పుడు ఉన్నదా? 2019 చట్టం వైద్య సలహా మండలిని ఏర్పరచింది. అందులో ప్రతి రాష్ట్రం నుండి ఆరోగ్య విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులొకరు, రాష్ట్ర వైద్య మండలి ప్రతినిధి ఒకరు ఉంటారు. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం అధ్యక్షులు కూడా సభ్యులే. అంటే చదువు చెప్పేవారూ, వృత్తిలో ఉన్నవారూ ఉన్నారు. రాష్ట్ర ప్రజారోగ్య సంచాలకునికి గాని, జిల్లా ఆసుపత్రుల అధిపతికి గాని ఆ హోదాలో అక్కడ కుర్చీ లేదు. పట్టభద్రులను పనిలో పెట్టుకునే యజమాని, ఆ పట్టభద్రుడు ఎలా తయారు కావాలన్న చర్చలో లేడు. పైగా వృత్తికొక చట్టం వచ్చింది. ఆయుర్వేదాది భారతీయ వైద్యానికి, హోమియోపతికి 2020లో, అనుబంధ ఆరోగ్య వృత్తులకు 2021లో, నర్సింగుకు, దంతవైద్యానికి 2023లో వేర్వేరు శాసనాలు చేశారు. కాన్పు గదిలో రేపు పక్కపక్కన నిలబడబోయే డాక్టరు, నర్సు చదువుకునే రోజులలో ఒక్క తరగతిలోనైనా కలిసి కూర్చోవడం నేటికీ అరుదు.

పొరుగు దేశాలు

శ్రీలంకలో వైద్య అధ్యాపకులు విశ్వవిద్యాలయోద్యోగులు. బోధనాసుపత్రులు ఆరోగ్య మంత్రిత్వశాఖవి. అక్కడ కూడా సమస్య మనదే. కాని 1980లో కొలంబో విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఏర్పడిన పోస్టుగ్రాడ్యుయేట్ వైద్యసంస్థ ఒక మార్గం చూపింది. నిపుణులకు శిక్షణనిచ్చేవారిలో, పరీక్షించేవారిలో ఆరోగ్య శాఖ ఆసుపత్రుల నిపుణులూ, విశ్వవిద్యాలయ ఆచార్యులూ కలిసి ఉంటారు. ఆసుపత్రి వైద్యుడు అక్కడ పరీక్షకుడు కూడా గనుక, అతని మాట విద్యార్థి వింటాడు. నేపాలులో 1972లో త్రిభువన్ విశ్వవిద్యాలయం కింద ఏర్పడిన వైద్యసంస్థ, 1978లో ఎం.బి.బి.ఎస్. ప్రారంభించినప్పుడు, అప్పటికే పల్లెలలో పనిచేసిన ఆరోగ్య సహాయకులకు వైద్యులయ్యే దారి తెరిచింది. చిన్న దేశాలు గనుక వారికి సాధ్యమైనదని తోసివేయవచ్చును. మన ఒక్కొక్క జిల్లా జనాభాను తలచుకుంటే, జిల్లా స్థాయిలోనైనా ప్రయత్నించడానికి ఆ వాదం అడ్డు కాదు.

జిల్లాలో చేయదగినవి

ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు మొదటి సంవత్సరం నుండే కొన్ని కుటుంబాలను దత్తత తీసుకొని చదువంతా వారి ఆరోగ్యాన్ని గమనించే పద్ధతిని ఇటీవలి సంవత్సరాలలో జాతీయ వైద్య కమిషన్ ప్రవేశపెట్టింది. 2021 నిబంధనల ప్రకారం ఇంటర్న్‌షిప్‌లో 12 వారాలు సామాజిక వైద్యానికి కేటాయించారు. విద్యార్థి ఆ ఇంటి గుమ్మం తొక్కిన రోజున మరిన్ని శాఖలు ఎదురవుతాయి. బిడ్డ బరువు తూచేది స్త్రీ, శిశు సంక్షేమ శాఖ అంగన్‌వాడీ కార్యకర్త. తాగునీరు పంచాయతీరాజ్ శాఖది. కుక్క కరిస్తే మనిషికి టీకా వేయవలసినది ఆరోగ్య శాఖ, కుక్కకు వేయవలసినది పశుసంవర్ధక శాఖ. కళాశాల ఆచార్యునికి వీరిలో ఎవరినీ ఆదేశించే అధికారం లేదు. అధికారం అక్కరలేదు కూడా. జిల్లా కలెక్టరు అధ్యక్షతన జరిగే ఆరోగ్య సమీక్షలో కళాశాల ప్రిన్సిపాలుకు శాశ్వత సభ్యత్వం ఇచ్చి, విద్యార్థులు సేకరించిన వివరాలు ఆ సమీక్షలో చదివితే చాలును. పద్దెనిమిదేళ్ళ విద్యార్థిని వ్రాసుకువచ్చిన మంచినీటి పరీక్ష ఫలితం వల్ల ఒక బోరింగు మరమ్మతు అయిందంటే, ఆ విద్యార్థిని నివారణ వైద్యాన్ని జన్మలో మరచిపోదు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యులలో ఆసక్తి గలవారిని ఎంచి, కళాశాలలో గౌరవ అధ్యాపకులుగా ప్రకటించవచ్చును. ఇందుకు పెద్ద వ్యయం లేదు. కావలసినది రెండు సంచాలకులూ కలిసి సంతకం చేసిన ఒక ఉత్తర్వు, ఆ సేవను పదోన్నతిలో పరిగణించడానికి సాధారణ పరిపాలన శాఖ అంగీకారం. ఇంటర్న్ చేసిన కాన్పులు, కట్టిన కట్లు, పంపిన కేసులు నమోదయ్యే పుస్తకంపై కళాశాల ఆచార్యునితో పాటు కేంద్రం వైద్యుని సంతకమూ తప్పనిసరి చేసి, ఆ సంతకానికి మార్కులలో విలువనివ్వాలి. పదిహేను రోజులకు ఒకేసారి చేసే సంతకం అప్పుడు కొంచెమైనా ఆలోచించి పడుతుంది.

ఇక మొదట చెప్పిన మంచం సంగతి. రోగి పల్లెకు తిరిగి వెళ్ళేటప్పుడు ఆమె వెంట వెళ్ళే చీటీని ఇప్పుడు ఎక్కువ చోట్ల ఎవరో తొందరలో వ్రాస్తారు. ఆ చీటీ వ్రాయడం జిల్లాలో శిక్షణ పొందే విద్యార్థి పనిగా నిర్ణయించి, నెలకొకసారి వాటిలో పదింటిని తీసుకొని ఆసుపత్రి నిపుణురాలు, కళాశాల ఆచార్యులు, పంపిన కేంద్రం వైద్యుడు, విద్యార్థిని కలిసి కూర్చొని చదవాలి. పల్లెలో ఏ గంటకు నొప్పులు మొదలైనవి, ఎప్పుడు పంపారు, వాహనం ఎంతసేపటికి వచ్చింది, ఇక్కడికి చేరాక ఎంతసేపు వేచి ఉన్నది అన్న నాలుగు ప్రశ్నలకు సమాధానాలు ఆ సమావేశంలో తేలుతాయి. ఆ సమావేశానికి తేదీ, గది, హాజరు పట్టీ ఎవరి బాధ్యతో ఉత్తర్వులో పేరు పెట్టి వ్రాయవలసి ఉంటుంది.